ఇంటి కుక్క చదువు

ముచ్చటపడి పెంచుకునే కుక్కకు కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం నేర్పాలన్న అలవాటుకు ఇంకా నిండా నూరేళ్లు లేవు. అంతకుముందు చదువు పనికుక్కలకే. వేటకుక్కకు వేటగాడు, మందకుక్కకు కాపరి నేర్పేవారు. గుమ్మం దగ్గర మిగిలిన అన్నం తిని అక్కడే పడుకునే కుక్కకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పింది లేదు. అదిలిస్తే పోవడం, పిలిస్తే రావడం అదే చూసి నేర్చుకునేది.

పనికుక్కల చదువు మాత్రం చాలా పాతది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనొఫోన్ వేట గురించి రాస్తూ, కుక్కలకు పొట్టి పేర్లు పెడితే పిలవడం సులువని చెప్పి నలభైకి పైగా పేర్లు వరసగా ఇచ్చాడు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి పేర వెలువడిన ‘మానసోల్లాసం’ రాజుల వినోదాలను వివరిస్తూ ‘సారమేయ వినోదం’ అని కుక్కల వేటకూ చోటిచ్చింది. కొల్లేటి పరిసరాల జోనంగి కుక్క బాతుల మందలను తోలడంలో పేరు పడింది. ఈ చదువులన్నీ పనిచేసేచోట, పనితోపాటే సాగాయి.

19వ శతాబ్దపు ఇంగ్లండులో వేటకుక్కలకు నేర్పడాన్ని ‘బ్రేకింగ్’ అనేవారు. అంటే విరవడం. కోడెను కాడికి లొంగదీసినట్టు కుక్క మొండితనాన్ని ముందు విరిచేయాలి, చదువు ఆ తర్వాత. 1848లో హచిన్సన్ అనే సైనికాధికారి రాసిన పుస్తకం పేరే ‘డాగ్ బ్రేకింగ్’. చిత్రమేమిటంటే, లోపల ఆయన చెప్పింది ఓర్పు, చేతి సైగలు, మెప్పుల గురించే. పేరు మాత్రం కాలానికి తగ్గట్టు ఉండిపోయింది. 1880లలో అమెరికాలో హామండ్ అనే వేట రచయిత ఆ మాటనే తప్పుపట్టి, విరవడం వేరు, నేర్పడం వేరు అన్నాడు. చెప్పిన పని చేసినప్పుడల్లా చిన్న మాంసం ముక్క పెట్టమన్నాడు. ఆయన మాట అప్పట్లో పెద్దగా ఎవరికీ ఎక్కలేదు.

కుక్క అసలు ఎలా నేర్చుకుంటుంది అన్న ప్రశ్నకు మొదటి మంచి జవాబు ఓ ఇంటి గేటు దగ్గర దొరికింది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఆచార్యుడుగా ఉన్న లాయిడ్ మోర్గన్‌కు టోనీ అనే ఫాక్స్ టెర్రియర్ కుక్క ఉండేది. అది గేటు ఊచల మధ్య తల దూర్చి, గడియను తలతో పైకెత్తి, గేటు తెరుచుకోగానే వీధిలోకి పరుగెత్తేది. చూసినవాళ్లు ‘ఎంత తెలివి! గడియ ఎలా పనిచేస్తుందో దానికి తెలుసు’ అని ముక్కున వేలేసుకునేవారు. మోర్గన్ మాత్రం మొదటినుంచీ చూస్తూ వచ్చాడు. టోనీ వీధి చూడటానికి ఒక్కో ఊచ సందులో తల పెట్టి చూసేది. ఒకసారి తల గడియ కింద పడింది. గడియ లేచింది, గేటు దానంతటదే తెరుచుకుంది. ఆ తర్వాతా చాలాసార్లు తప్పుడు సందుల్లోనే తల పెట్టింది. ఆ తప్పులు ఒక్కొక్కటే తగ్గి, నేరుగా గడియ దగ్గరికే వెళ్లడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. మోర్గన్ దీన్ని 1894లో అచ్చువేశాడు. టోనీకి ఎవరూ నేర్పలేదు. బయటికి పోవడమే దాని బహుమానం. కుక్కల శిక్షణలో తర్వాత వచ్చిన సిద్ధాంతాల విత్తనం ఈ చిన్న సంఘటనలోనే ఉంది.

1898లో అమెరికాలో థార్న్‌డైక్ పిల్లుల్నీ కుక్కల్నీ పెట్టెల్లో ఉంచి, అవి తలుపు తీసుకుని బయటపడటానికి పట్టే సమయాన్ని లెక్కగట్టాడు. ఫలితం బాగున్న పనే మళ్లీ మళ్లీ జరుగుతుందని తేల్చాడు. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్న పావ్‌లోవ్, తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కల నోట నీరూరడం గమనించి దాని వెంట పడ్డాడు. గొలుసు చప్పుడు వినగానే షికారుకు ఎగిరి గంతేసే కుక్కను చూసినవారికి పావ్‌లోవ్‌ను వివరించాల్సిన పని లేదు.

అయితే ప్రయోగశాల నుంచి ఇంటికి రావడానికి ఈ జ్ఞానం చాలా చుట్టుదారి పట్టింది. అది పోలీసు ఠాణా మీదుగా, యుద్ధం మీదుగా వచ్చింది. జర్మనీలో సార్‌బ్రుకెన్ పోలీసు శాఖలో పనిచేసిన కొన్రాడ్ మోస్ట్ 1910లో కుక్కల శిక్షణపై ఓ పుస్తకం రాశాడు. మెప్పయినా దండనయినా ఆ క్షణంలోనే జరగాలని, ఆలస్యమైతే కుక్కకు అది దేనికో అర్థం కాదని, మనిషి నీతి దానికి తెలియదని స్పష్టంగా చెప్పినవాడు ఆయన. గమనింపు గొప్పది, సాధనాలు మాత్రం బెత్తం, ముళ్ల పట్టీ. తర్వాతి యాభై ఏళ్లు ఆయన గమనింపుకన్నా ఆయన సాధనాలే ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

ఈ చదువును మామూలు ఇళ్లలోకి తెచ్చింది ఇద్దరు ఆడవాళ్లు. న్యూయార్క్ దగ్గర మౌంట్ కిస్కోలో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ పెద్ద జాతి పూడిల్ కుక్కలను పెంచేది. ఉంగరాల జుట్టు కత్తిరించి సింగారించే ఆ కుక్కలను చూసి ‘అవి అలంకారానికే, బుర్ర లేదు’ అని నవ్వేవారు. ఆ మాట తప్పని చూపడానికి 1933లో తండ్రి ఎస్టేటులో ఆమె ఒక పరీక్ష పెట్టింది. పోటీకి వచ్చినవి ఎనిమిది కుక్కలు. అందం చూసే పోటీ కాదది, చెప్పిన మాట వింటుందా లేదా చూసే పోటీ. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీనికి నియమాలు రాసి గుర్తింపు ఇచ్చింది. ఆ మరుసటి ఏడు వాకర్, ఆమె సహాయకురాలు బ్లాంచ్ సాండర్స్ కారుకు ఓ ట్రెయిలర్ తగిలించుకుని, మూడు పూడిల్స్‌ను ఎక్కించుకుని పది వారాలపాటు దేశం చుట్టారు. దాదాపు 16,000 కిలోమీటర్లు. కుక్కల ప్రదర్శన ఎక్కడ జరిగితే అక్కడ ఆగి, గొలుసు లేకుండా కుక్క ఎలా నడుస్తుందో చూపించేవారు. ఆ ప్రయాణం తర్వాత కుక్క చదువు గృహిణులకూ గుమస్తాలకూ సాయంత్రపు తరగతి అయింది. నిజానికి ఆ తరగతిలో కుక్కకన్నా ఎక్కువ నేర్చుకోవాల్సింది గొలుసు పట్టుకున్న మనిషే.

రెండో ప్రపంచ యుద్ధంలో వేల కుక్కలను ఇళ్ల నుంచి తీసుకుని అమెరికా సైన్యం శిక్షణ ఇచ్చింది. యుద్ధం ముగిశాక కుక్కలు ఇళ్లకు వెళ్లాయి. శిక్షకులు ఊళ్లలో తరగతులు తెరిచారు. వాళ్లలో పేరు మోసినవాడు విలియం కోలర్. తర్వాత డిస్నీ సినిమాల కుక్కలకూ ఆయనే గురువు. 1962 నాటి ఆయన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఆయన చేతిలోని ముఖ్య సాధనం మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు. కుక్క పక్కకు లాగిన క్షణంలో యజమాని చెప్పాపెట్టకుండా ఎదురు దిశకు తిరిగి నడిచేస్తాడు. గొలుసు ఝల్లుమని బిగుస్తుంది. నాలుగైదుసార్లు అయ్యేసరికి కుక్క కళ్లు యజమాని మీదే ఉంటాయి. పద్ధతి పనిచేసేది, అందులో అనుమానం లేదు. కానీ తోటలో గుంటలు తవ్వే కుక్క తలను నీళ్లు నింపిన అదే గుంటలో ముంచమన్న సలహా కూడా ఆ పుస్తకంలోదే.

ఈ కఠినత్వానికి తోడేళ్ల నుంచి ఓ సాకు దొరికింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండులోని బాసెల్ జంతుశాల తోడేళ్లను గమనించి, వాటిలో పెత్తనం కోసం పోరు సాగుతుందని రాశాడు. డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకంతో, గుంపులో పెత్తందారు అనే అర్థంలో ‘ఆల్ఫా’ అన్న మాట జనం నోటికెక్కింది. కుక్క తోడేలు సంతతి కాబట్టి ఇంట్లో యజమానే ఆల్ఫా కావాలి, ఎదురు తిరిగితే వెల్లకిలా పడేసి అణచాలి అనేవారు. కానీ ఆ జంతుశాల తోడేళ్లు ఒకే కుటుంబానివి కావు. ఎక్కడెక్కడివో తెచ్చి ఇరుకుచోట కలిపి ఉంచినవి. కెనడా ఉత్తరాన ఎల్‌స్మియర్ ద్వీపంలో అడవి తోడేళ్లను ఏళ్లపాటు చూసిన మెక్, సహజమైన గుంపు అంటే తల్లీ తండ్రీ వాటి పిల్లలేనని, పెత్తనపు పోరు అక్కడ లేదని 1999లో తన మాటను తానే సరిదిద్దుకున్నాడు. ‘నువ్వే బాస్ అని చూపించు’ అన్న సలహా మాత్రం ఇప్పటికీ చావలేదు.

అసలు మార్పు కుక్కలతో ఏ సంబంధమూ లేనిచోట మొదలైంది. పావురాలతో ప్రయోగాలు చేసిన బి.ఎఫ్. స్కిన్నర్ శిష్యులు కెల్లర్ బ్రెలండ్, మరియన్ బ్రెలండ్ దంపతులు 1940లలో జంతువులకు నేర్పడమే వ్యాపారంగా పెట్టుకున్నారు. కోళ్లు, పందులు, కుందేళ్లు, దొరికిన జంతువుకల్లా నేర్పారు. స్కిన్నర్ 1951లో ఓ పత్రికా వ్యాసంలో ఇంటి కుక్కకు ఎవరైనా నేర్పవచ్చంటూ, నొక్కితే టిక్కుమనే పిల్లల బొమ్మను సూచించాడు. మన తిరునాళ్లలో దొరికే రేకు కప్పలాంటిదే అది. ఆ చప్పుడెందుకు? కుక్క కూర్చుంది, యజమాని సంచిలో చెయ్యి పెట్టి బిస్కెట్టు వెతికేలోగా లేచి నిలబడింది. బిస్కెట్టు నోట్లో పడేసరికి కుక్కకు అందిన పాఠం ‘లేస్తే బిస్కెట్టు’ అని. కూర్చున్న క్షణంలోనే టిక్కుమంటే, బిస్కెట్టు కాస్త ఆలస్యమైనా లెక్క తప్పదు. మోస్ట్ చెప్పిన ‘ఆ క్షణమే’ అన్న సూత్రానికి బెత్తంతో పని లేని సాధనం ఇలా దొరికింది.

దొరికినా నలభై ఏళ్లు మూలనే పడి ఉంది. దాన్ని బయటికి తీసింది కారెన్ ప్రయర్. 1963 నుంచి హవాయిలోని సీ లైఫ్ పార్కులో డాల్ఫిన్లకు నేర్పినావిడ. డాల్ఫిన్‌కు గొలుసు కట్టలేరు, కొట్టబోతే నీళ్లలో దూరంగా ఈదిపోతుంది. మిగిలిన సాధనాలు ఈల, చేప రెండే. ఆ అనుభవంతో 1984లో ఆమె రాసిన ‘డోంట్ షూట్ ద డాగ్’ పేరులో కుక్క ఉన్నా, అందులో భర్తల గురించీ పిల్లల గురించీ కూడా ఉంది. 1992 నుంచి ఆమె కుక్కల శిక్షకులకు తరగతులు నడిపాక, చేతిలో ఇమిడే ‘క్లిక్కర్’ ఇంటింటి వస్తువయింది.

1980ల దాకా కుక్కపిల్లకు ఆరు నెలలు నిండకుండా తరగతిలో చేర్చుకునేవారు కాదు. బిగుసుకునే గొలుసును లేత మెడ తట్టుకోలేదన్నదే అందుకు ముఖ్య కారణం. కానీ మనుషులతో, కొత్త చప్పుళ్లతో మచ్చిక కావడానికి అసలు అదను 3 నుంచి 12 వారాల వయసని స్కాట్, ఫుల్లర్ తమ దీర్ఘ పరిశోధనలో తేల్చి 1965లోనే అచ్చువేశారు. గొలుసు పోయి బిస్కెట్టు వచ్చాక వయసు అడ్డు తొలగింది. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో ఇయాన్ డన్‌బార్ గొలుసు లేని కుక్కపిల్లల తరగతి తెరిచాడు. ఆయన వాడిన చిట్కా ఇప్పుడు అందరికీ తెలిసిందే. బిస్కెట్టు ముక్కు దగ్గర పెట్టి, నెమ్మదిగా తల మీదుగా వెనక్కి జరిపితే, తల పైకి లేస్తుంది, నడుము కిందికి జారుతుంది. కుక్కను ముట్టుకోకుండానే అది కూర్చుంటుంది.

తెలుగు ఇళ్లకు ఈ చదువు ఆలస్యంగా వచ్చింది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన రేబిస్ టీకాను దశాబ్దాలపాటు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. ఆ భయం పిల్లల్ని కుక్కలకు దూరంగా, కుక్కల్ని గేటు దగ్గర గొలుసుతో ఉంచింది. దేశంలో ఆ టీకా తయారీ ఆగింది 2004 చివర్లోనే. శిక్షణ కూడా ఇక్కడ పోలీసుల తోవనే నడిచింది. ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, 1951లో ఆ రాష్ట్ర పోలీసులు కుక్కల దళం పెట్టారు. ఇప్పుడు తెలంగాణ పోలీసు కుక్కలకు హైదరాబాదు శివార్లలోని మొయినాబాదులో శిక్షణ ఉంది. ఇంగ్లీషు ముక్క రాని ఇంట్లోనూ కుక్కతో మాత్రం ‘సిట్’, ‘కమ్’, ‘గో’ అనడం ఆ తోవ గుర్తే అనుకోవచ్చు.

కుక్కకు భాష పట్టింపు లేదు. ‘కూర్చో’ అన్నా కూర్చుంటుంది. కాకపోతే ఇంట్లో ఒకరు ‘సిట్’, ఒకరు ‘కూర్చో’, ఇంకొకరు ‘కూచోరా బుజ్జీ’ అనకుండా, అందరూ ఒకే మాట అనాలి.