కుమారులు లేని రాజు



వాడరేవు నుండి తీరం వెంబడి దక్షిణంగా వెళ్తే మోటుపల్లి వస్తుంది. నేడది చిన్న గ్రామమే గాని, 13వ శతాబ్దంలో విదేశీ ఓడలు ఆగిన గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. తుపానుకు ఓడ పగిలితే పూర్వపు రాజులు సరుకంతా లాగుకొనేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమియు ముట్టనని ఈయన వర్తకులకు మాట ఇచ్చాడు.

ఈయన మన ప్రాంతానికి అల్లుడే. చందవోలు ఏలిన వెలనాటి పృథ్వీశ్వరుని ఓడించి, దివిసీమ ఆడపడుచులైన నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపకు గజసైన్యాన్ని అప్పగించాడు. 1199 నుండి 1262 వరకు, అరువది సంవత్సరాలకు పైగా ఏలాడు. అన్నీ ఉన్నాయి, కుమారుడు మాత్రం లేడు.

ఇలాంటప్పుడు రాజ్యాలు ఏమి చేసేవో గమనించండి. జాన్ హస్ పుట్టిన చెక్ దేశం, అనగా బొహీమియా, మీకు తెలుసు. 1306లో అక్కడి రాజు మూడవ వాత్స్లావ్ హత్యకు గురికాగా, ప్రెమిస్ల్ రాజవంశంలో మగదిక్కు లేకపోయింది. అతని చెల్లెలు ఎలిష్కను వివాహమాడిన లక్సెంబర్గు జాన్ 1310లో రాజయ్యాడు. రాజరక్తం ఆమెది, సింహాసనం ఆయనది!

గణపతిదేవుడు ఆ పని చేయలేదు. తాను బ్రతికియుండగానే కుమార్తె రుద్రమదేవిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పాలన నేర్పాడు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. అయినా రాజ్యం అల్లునికి పోలేదు. శాసనాలలో ఆమె పేరు "రుద్రదేవ మహారాజు". లోకం కోసం మగపేరు పెట్టుకోవలసి వచ్చింది గాని, దేవగిరి యాదవ మహాదేవుని దండును తరిమినది ఆమెయే. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని తెలుపుతున్నది. ఆమెకూ కుమారులు లేరు. కుమార్తె ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని దత్తత తీసుకొన్నది. అతడు 1323 వరకు ఏలాడు.

మార్కోపోలో తన గ్రంథంలో మోటుపల్లి రాణిని ఎంతో మెచ్చుకొన్నాడు. కాని ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అని వ్రాశాడు. కుమార్తె తండ్రి సింహాసనం ఎక్కుతుందని ఆయనకు తోచలేదు కాబోలు.

సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు నిలబడి తండ్రి స్వాస్థ్యం అడిగారు, వారికి ఇవ్వబడింది. మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి చనిపోతే, తల్లి భాగం పోగా మిగిలినదానిలో కుమారునికీ కుమార్తెకూ సమాన భాగమే. అయితే మన ఇండ్లలో జరుగుతున్నదేమిటి? ఎన్నో ఇండ్లలో భూస్థాపన ముగిసిన తరువాత ఆడపిల్లను పిలిచేది కాగితం మీద సంతకం కోసమే. "కట్నం ఇచ్చాముగా" అంటారు. ఆమె కండ్లు తుడుచుకొని సంతకం పెట్టి అత్తవారింటి బస్సు ఎక్కుతుంది. ఇది నేను కండ్లారా చూచాను.

తండ్రులారా, గణపతిదేవుడు రాజ్యమంతా కుమార్తె చేతికి ఇచ్చి నష్టపోలేదు. అరెకరం పొలంలో, రెండు గదుల ఇంటిలో మనం ఎందుకు భయపడుతున్నాము? మీరు బ్రతికియుండగానే మాట్లాడండి, వ్రాసి పెట్టండి. మీ తరువాత మీ కుమార్తె మీ గడపలోనికి చుట్టముగా కాక, బిడ్డగా రానివ్వండి.

సెలవు.