బాన్సువాడ: ఒకటే నియోజకవర్గం, రెండు జిల్లాలు

బాన్సువాడ ఓటరు, వర్ని ఓటరు ఇద్దరూ ఒకే ఎమ్మెల్యేని ఎన్నుకుంటారు. కానీ సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలంటే ఒకరు కామారెడ్డి కలెక్టరేట్‌కి, ఇంకొకరు నిజామాబాద్‌కి పోవాలి. ఎందుకిలా?

ముందు నీళ్ల సంగతి చూద్దాం. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. అది ఏడో నిజాం కాలం, ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ బాన్సువాడ మీదుగా వర్ని వైపు పారింది. వరి, చెరకు వచ్చాయి. కోస్తా నుంచి రైతులొచ్చి స్థిరపడ్డారు. వర్ని చుట్టుపక్కల ఊళ్ల పేర్లలో ‘క్యాంపు’ అని వినిపించేది అందుకే. అంటే ఈ ప్రాంతాన్ని కలిపింది ఒక కాలువ.

ఇప్పుడు ఓట్ల మ్యాప్. 2008 పునర్విభజనలో, 2001 జనాభా లెక్కల ఆధారంగా, బాన్సువాడ, బీర్కూర్, వర్ని, కోటగిరి మండలాలు ఒక సీటు అయ్యాయి. అప్పుడు నాలుగూ నిజామాబాద్ జిల్లాలోవే. లోక్‌సభకి మాత్రం కొత్తగా పుట్టిన జహీరాబాద్‌లో కలిపారు. అంటే మన ఎంపీ సీటు కర్ణాటక సరిహద్దు దాకా సాగుతుంది!

తర్వాత 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలొచ్చాయి. బాన్సువాడ, బీర్కూర్ కామారెడ్డిలోకి వెళ్లాయి. వర్ని, కోటగిరి నిజామాబాద్‌లోనే ఉండిపోయాయి. జిల్లా గీత మారింది, ఓటు గీత మారలేదు.

ఇదంతా పాత కథే కదా అనుకోకండి. 2027లో జనాభా లెక్కలు ఉన్నాయి. రాష్ట్రాల సీట్ల సంఖ్య 1971 లెక్కల దగ్గరే ఆగి ఉంది. 2026 తర్వాత వచ్చే మొదటి లెక్కలతో ఆ తలుపు తెరుచుకుంటుంది. విభజన చట్టం కూడా తెలంగాణలో 119 సీట్లని 153 చేయొచ్చని చెప్పింది. పోయినసారి అసెంబ్లీ సీట్లని జిల్లా దాటకుండా గీశారు. ఈసారీ అదే పద్ధతి అయితే, నా లెక్కలో, వర్ని వైపు బాన్సువాడ నుంచి విడిపోవచ్చు. అప్పుడు ఒకే కాలువ రైతులు నీటి కోసం ఇద్దరు ఎమ్మెల్యేల చుట్టూ తిరగాలి.

పునర్విభజన కమిషన్ ముందు ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకోవాలి. ఆ రోజు మీ మండలం పేరు ఎక్కడ ఉందో వెతకండి. నచ్చకపోతే రాసివ్వండి. గీత పడ్డాక బాధపడి లాభం లేదు.