దివాన్ గద్దె నుంచి ముఖ్యమంత్రి కుర్చీ దాకా: వికారాబాద్ వైపు చరిత్ర

నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానం సముద్రం లేని ద్వీపం. చుట్టూ బ్రిటిష్ ఇండియా. మధ్యలో సొంత నాణెం, సొంత తపాలా, సొంత కోర్టులు, సొంత రైలు. 1941 లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షలకు పైగా జనాభా ఉన్న ఈ రాజ్యంలో ప్రభుత్వాన్ని నడిపే పెద్దను మొదట్లో దివాన్ అనేవారు. ఫర్మానాల్లో మదారుల్ మహామ్ అని రాసేవారు. ఈ ప్రభుత్వాధినేత పదవి అసఫ్‌జాహీల పాలన మొదటి నుంచీ ఉంది. ప్రజలకు జవాబు చెప్పే బాధ్యత మాత్రం ఆ పదవికి చాలా ఆలస్యంగా వచ్చింది.

దివాన్‌కు ఇద్దరు యజమానులు. ఫర్మానా నిజాందే అయినా, కోఠీలోని బ్రిటిష్ రెసిడెంట్ ఒప్పుకోని మనిషి ఆ గద్దె మీద ఎక్కువకాలం నిలవలేదు. 19వ శతాబ్దం తొలి సగంలో దివాన్ కింద పనిచేసే పేష్కార్ చందూలాల్ చేతిలో అధికారం దశాబ్దాలపాటు ఉంది. శిస్తు వసూలును గుత్తేదార్లకు అప్పగించడం, అప్పుల మీద అప్పులు చేయడం ఆ కాలపు పద్ధతి. ఆ అప్పుల ఫలితంగానే 1853లో ఒక ఒప్పందం ద్వారా బేరార్ ప్రాంతం బ్రిటిష్ వారి చేతికి పోయింది. ఆ ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ చనిపోగా, ఆయన సోదరుడి కొడుకు, ఇరవై నాలుగేళ్ల యువకుడు ఆ స్థానంలోకి వచ్చాడు. అతనే మొదటి సాలార్ జంగ్.

పదవికి అసలైన కార్యాలయాన్ని ఏర్పరచింది ఆయనే. గుత్తేదార్లను తప్పించి జీతం తీసుకునే అధికారులను పెట్టాడు. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, ఒక్కో జిల్లాకు తాలూక్‌దార్‌ను నియమించాడు. నేటి కలెక్టర్ పదవికి తెలంగాణలో పునాది అది. వాడీ నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్ చేరే రైలుమార్గం 1874లో తెరుచుకున్నదీ ఆయన హయాంలోనే. తర్వాతి కాలంలో తాండూరు నాపరాళ్లు దూరప్రాంతాలకు వెళ్లింది ఈ దారినే. 1883లో కలరాతో చనిపోయేదాకా, ముప్పై ఏళ్లు ఆయనే దివాన్. బేరార్‌ను తిరిగి రప్పించాలన్న ఆయన పట్టుదల మాత్రం నెరవేరలేదు.

తర్వాతి దివాన్లలో ఇద్దరు పైగా వంశం వారు. నిజాం సొంత సైన్యాన్ని పోషించడం పైగా అమీర్ల బాధ్యత. దానికి బదులుగా వారికి పెద్ద జాగీర్లు ఉండేవి. అక్కడ శిస్తు వారిదే, పోలీసు, న్యాయం కూడా వారివే. 1887లో అస్మాన్ జా, 1893లో వికారుల్ ఉమ్రా దివాన్లయ్యారు. ఫలక్‌నుమా కట్టించింది ఈ వికారుల్ ఉమ్రాయే. ఆ భవనం ఖర్చు ఆయన తాహతుకు మించిపోయి, చివరికి నిజాం పరమైంది. వికారాబాద్‌కు పేరు వచ్చింది కూడా ఆయన నుంచే. ఈ ప్రాంతం ఆయన పైగా జాగీరు.

ఇందులో వింత ఒకటుంది. 1901 దాకా రాజ్యమంతటికీ పరిపాలనాధిపతిగా ఉన్న మనిషి, వికారాబాద్ రైతుకు మాత్రం జాగీరుదారే. హైదరాబాద్‌లో కూర్చుని ఆయన నడిపే ప్రభుత్వానికి ఆయన సొంత ఊళ్లలో నేరుగా పని లేదు. సాలార్ జంగ్ తెచ్చిన జిల్లా పాలన జాగీరు పొలిమేర దగ్గరే ఆగిపోయేది. దాదాపు ఆ రోజుల్లోనే, ఖానూన్చా-ఎ-ముబారక్ అనే శాసనంతో మంత్రుల సభ ఏర్పడింది. దివాన్ ఒక్కడే అన్నీ తేల్చే పద్ధతికి అది కొంత పగ్గం వేసింది. కానీ పగ్గం కొస నిజాం చేతిలోనే ఉంది.

ఆరో నిజాం తర్వాత వచ్చిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ కొసను మరీ దగ్గరకు లాక్కున్నాడు. 1914లో మూడో సాలార్ జంగ్‌ను పంపించి, ఐదేళ్లు దివాన్ లేకుండా తానే పాలించాడు. 1919లో కార్యనిర్వాహక మండలిని పెట్టి సర్ అలీ ఇమామ్‌ను దాని అధ్యక్షుడిగా, సదర్-ఎ-ఆజంగా నియమించాడు. మహారాజా కిషన్ పర్షాద్, అక్బర్ హైదరీ, ఛతారీ నవాబు, మీర్జా ఇస్మాయిల్ ఆ తర్వాత ఆ పదవిలో కూర్చున్నారు. ఆఖరివాడు మీర్ లాయక్ అలీ. 1948 సెప్టెంబర్ 17న, భారత సైనిక చర్యతో ఆ ప్రభుత్వం ముగిసింది.

తర్వాత సైనిక గవర్నర్ జె.ఎన్. చౌధురి వచ్చారు. పైగాలతో సహా జాగీర్లన్నీ 1949లో, ఆయన కాలంలోనే రద్దయ్యాయి. వికారాబాద్ చుట్టుపక్కల రైతుకు ప్రభుత్వాధినేత ఎవరన్న ప్రశ్నకు నిజంగా అర్థం వచ్చింది అప్పుడే. 1950లో ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రిగా వచ్చినా, ఆయన ఢిల్లీ పంపిన అధికారి. ఓటుతో వచ్చిన తొలి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. 1952 మార్చి 6న ప్రమాణం చేశారు.

ఆ మంత్రివర్గంలో వికారాబాద్ నుంచి గెలిచిన ముప్పై మూడేళ్ల డాక్టరు ఒకరున్నారు. మర్పల్లి దగ్గరి సిరిపురంలో 1919లో పుట్టిన మర్రి చెన్నారెడ్డి. వ్యవసాయ శాఖ ఆయనది. ఆంధ్ర, తెలంగాణల విలీనం కోసం 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన తెలంగాణ నాయకుల్లోనూ ఆయన ఉన్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి మరో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక షరతు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఆ పదవిని ఆరో వేలుగా కొట్టిపారేశారు. తర్వాత కొండా వెంకట రంగారెడ్డికి అది దక్కినా, మొదటి రోజే మాట తప్పారన్న బాధ తెలంగాణలో పోలేదు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వెనుక ఉన్న ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి.

ఆ ఉద్యమానికి తెలంగాణ ప్రజాసమితి నాయకుడిగా నిలిచింది చెన్నారెడ్డే. 1967లో తాండూరు నుంచి గెలిచి కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి అయిన ఆయనకు, ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావు వేసిన పిటిషన్ వల్ల ఆ ఎన్నిక రద్దయి, ఆరేళ్లు పోటీకి అనర్హత వచ్చింది. అందుకే 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రజాసమితి పది స్థానాలు గెలిచినా ఆయన బరిలో లేరు. తరువాత కాంగ్రెస్‌లోకి మళ్లి, 1978 మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యారు. బూర్గుల ప్రమాణం చేసిన తేదీ కూడా అదే కావడం యాదృచ్ఛికం. ఆ ఏడాదే హైదరాబాద్ జిల్లా గ్రామీణ భాగం వేరు జిల్లాగా మారింది. తర్వాత దానికే రంగారెడ్డి పేరు పెట్టారు. వికారాబాద్, తాండూరు అప్పట్లో అందులోవే.

చెన్నారెడ్డి తర్వాత మరోసారి ముఖ్యమంత్రి అయ్యారు కానీ, ఆయన పదవి రెండుసార్లూ పూర్తికాలం సాగలేదు. 1980 అక్టోబర్‌లో టి. అంజయ్యకు, 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ మతకల్లోలాల నేపథ్యంలో జనార్దనరెడ్డికి దారి ఇవ్వాల్సివచ్చింది. ఆ రెండుసార్లూ దించింది శాసనసభ కాదు, పార్టీ అధిష్ఠానం. రెసిడెంట్ పోయినా, దూరం నుంచి పదవిని తేల్చే చేయి పోలేదనడానికి ఆయన జీవితం కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తెలంగాణ వేరు రాష్ట్రమయ్యాక, 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా ఏర్పడింది. 2023 డిసెంబర్ 7న తెలంగాణ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రేవంత్ రెడ్డి కొడంగల్ శాసనసభ్యుడు. కొడంగల్ పట్టణం ఈ జిల్లాలోనిదే.