చిన్న చేతులు, చిన్న కూలి: యువ కార్మికులపై వయోవివక్ష

వయోవివక్ష అనగానే యాభై దాటినవాళ్లను ఇంటికి పంపేయడమే గుర్తొస్తుంది. ‘చిన్నపిల్లాడే కదా’ అని కూలి కోయడం, ‘ఇంకా నేర్చుకుంటున్నాడు’ అంటూ ఏళ్లు గడిపేయడం కూడా వివక్షే. తమిళనాడులో వేలూరు శివారు బాగాయం నుంచి పడమరగా వెళ్తే కౌండిన్య నది ఒడ్డున గుడియాత్తం వస్తుంది. బీడీలకు, అగ్గిపెట్టెలకు, లుంగీలకు పేరున్న ఊరు. తెలుగు మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. ఈ వివక్ష ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఇక్కడి పనులనే దగ్గర నుంచి చూడాలి.

బీడీ చుట్టేవాళ్లు ఒడిలో చేట పెట్టుకుంటారు. నానబెట్టిన తునికాకును కొలతకు కత్తిరించి, పొగాకు పొడి పోసి, చుట్టి, దారం కట్టాలి. కొసలు మడిచి మూయడం చాలా ఇళ్లలో పిల్లల వంతయ్యేది. సన్నని వేళ్లకు అది త్వరగా పట్టుబడుతుంది. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని, అదీ పెద్దల పేరున. పిల్ల మడిచిన కొసలు ఆ వెయ్యిలో కలిసిపోతాయి.

అంతకన్నా ఘోరం అడ్వాన్సు. అప్పు తీసుకుని బిడ్డను పనికి కుదువ పెట్టడమన్నమాట. కార్మికుల స్థితిగతులపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్ 1931 నివేదికలో మద్రాసు బీడీ కార్ఖానాల్లోని ఈ దురాచారం రికార్డయింది. 1933లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అయినా 1996లో మానవహక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్, గుడియాత్తం ఉన్న ఉత్తర ఆర్కాటు ప్రాంతపు బీడీ పనిలో అలాంటి పిల్లలనే చూసింది.

ఇక అగ్గిపెట్టెల సంగతి. శివకాశి అగ్గిపెట్టెల కార్ఖానాల్లో పనిచేసే పిల్లల గురించి న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1990లో సుప్రీంకోర్టు, తయారీ పనిలో పిల్లలు వద్దంది; ప్యాకింగుకు మాత్రం వాళ్ల లేత చేతులు మరింత అనువైనవంటూ, అదే పని చేసే పెద్దల కనీస వేతనంలో కనీసం 60 శాతం ఇవ్వాలంది. కోర్టు ఉద్దేశం పిల్లలకు మేలు చేయడమే. కానీ చేతులు పనికి బాగా నప్పుతాయని ఒప్పుకున్నాక కూలి తగ్గించడానికి కారణమేముంటుంది, వయసు తప్ప? 1996లో అదే కేసులో, చట్టం మీరి పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకు యజమాని 20,000 రూపాయలు కట్టాలని తీర్పు వచ్చింది.

చట్టాల్లోనూ ఈ ధోరణి ఉంది. 1948 కనీస వేతనాల చట్టం పెద్దలకు, కౌమారులకు, పిల్లలకు, అప్రెంటిస్‌లకు వేర్వేరు రేట్లు పెట్టనిచ్చింది. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణార్థి. అతనికి దక్కేది జీతం కాదు, స్టైపెండ్. ప్రభుత్వోద్యోగాల్లో వివక్షను నిషేధించే రాజ్యాంగం 16వ అధికరణంలో కులం, మతం, లింగం ఉన్నాయి, వయసు లేదు.

అలాగని వయసును బట్టి పెట్టిన ప్రతి నిబంధనా వివక్ష కాదు. 1966 బీడీ కార్మికుల చట్టం చిన్న వయసువాళ్లను రాత్రి ఏడు తర్వాత పనిలో ఉంచకూడదంది. బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్ధెనిమిది నిండనివాళ్లను ప్రమాదకర పనులకు దూరం పెట్టింది. ఇవి ఒంటిని కాపాడేవి. కూలి కోత ఎవరినీ కాపాడదు.

బయటి దేశాల సంగతి చూస్తే, అమెరికాలో 1967 వయోవివక్ష చట్టం నలభై దాటినవాళ్లకే రక్షణనిస్తుంది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం అన్ని వయసులకూ వర్తిస్తుంది, అయినా ఇరవై ఒకటి లోపువాళ్లకు కనీస వేతనం తక్కువే. జర్మనీలో ఒక మహిళకు పద్ధెనిమిదో ఏట చేరి పదేళ్లు పనిచేశాక ఉద్యోగం పోయింది. ఇరవై అయిదేళ్లు నిండకముందు చేసిన సర్వీసును లెక్కించనక్కర్లేదన్న జర్మన్ చట్ట నిబంధనను పట్టుకుని, సంస్థ ఆమెది మూడేళ్ల సర్వీసేనంటూ నాలుగు నెలలకు బదులు ఒక్క నెల నోటీసిచ్చింది. ఆ నిబంధన వయోవివక్షేనని, దాన్ని పక్కన పెట్టాలని 2010 జనవరిలో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది.