గుమ్మడి శబ్దము – అర్థవ్యవహారములు

తెలుగున గుమ్మడి యను పేరు రెండు కాయలకు చెల్లుచున్నది. పైని తెల్లని బూడిద గలది బూడిదగుమ్మడి. లోన పసుపువన్నె కండ గలిగి పులుసునకు వచ్చునది తియ్యగుమ్మడి. వీనిలో ఆ పేరునకు మొదటి హక్కు దేనిది?

సంస్కృతమున కూష్మాండ మనబడునది బూడిదగుమ్మడియే. కూష్మాండలేహ్యమున వైద్యులు వాడునదియు నదియే. తియ్యగుమ్మడికి జన్మభూమి అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ వైపునకు సముద్రమార్గము కనుగొనిన పిమ్మటనే యది మన దేశమునకు వచ్చినది. తెలుగువారు క్రొత్తకాయను పాతపేరుతోనే పిలిచిరి. నేడు పలుచోట్ల వంటయింట వట్టి గుమ్మడి యన్నచో క్రొత్తదే స్ఫురించును.

పాతయర్థమును సామెత కాపాడినది. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడవుకొనుట యెందులకు? కాయను మోసిన భుజమునకు బూడిద యంటును గనుక. తియ్యగుమ్మడికి ఆ బూడిద లేదు. ఇంటిముందు దిష్టికై వ్రేలాడదీయునది, వడియములకు తఱుగునది బూడిదగుమ్మడియే. చలనచిత్రము షూటింగు ముగిసినప్పుడు 'గుమ్మడికాయ కొట్టిరి' అను నేటి వాడుకయు ఈ యాచారమునకు చెందినదే.

ఇక పొరుగు భాషలను చూతము. కన్నడమున 'కుంబళ' తెలుగు గుమ్మడికి జ్ఞాతిపదము. మరాఠీ 'కోహళా' కూష్మాండశబ్దభవము. తియ్యగుమ్మడి వారికి 'భోపళా'. ఒడియాలో తియ్యగుమ్మడి 'కఖారు', బూడిదగుమ్మడి 'పాణికఖారు'. తమిళమున బూడిదగుమ్మడికి 'పూసణి' యను పేరుండగా, తియ్యగుమ్మడిని 'పరంగిక్కాయ్' అందురు. పరంగు లనగా ఐరోపావారు. కాయ వచ్చిన దారి పేరులోనే నిలిచినది. కన్నడమున నదే మాటతో 'పరంగి హణ్ణు' అన్నచో బొప్పాయి! అదియు అమెరికానుండి వచ్చిన పండే.

కావున మదురలోని తెలుగుబాలుడు పరంగి యన్నచో బెంగుళూరి తెలుగుబాలుడు బొప్పాయి యనుకొనవచ్చును. గుమ్మడి యన్నచో నిరువురికిని ఒకే తీగ కనుల గట్టును. పొరుగుమాట నేర్చుట లాభమే. దానికై యింటిమాటను విడుచుట నష్టము. గుమ్మడి యను మాట యింట వినబడనిచో, దొంగ భుజము లేల తడవుకొనెనో పిల్లలకు బోధపడదు. ఒక్క కూరగాయ పేరుతో ఒక సామెతయు, ఒక యాచారపు పలుకుబడియు జాఱిపోవును. పెద్దలు సంతలోను వంటయింటను ఆ పేరు పలుకుచున్నంత కాలము అది బడిపిల్లల నోటను నిలుచును.