కోపెన్‌హాగన్ సైకిల్ బాటలు

కోపెన్‌హాగన్ సైకిల్ బాటలు డెన్మార్కు రాజధాని శివార్లను నగర కేంద్రంతో కలుపుతాయి. నిత్యం పనికి వెళ్ళేవారి దారి ఎంపికలో దూరం కంటే భద్రత ముఖ్యము.

నిర్మాణం

ప్రధాన వీధులలో ఈ బాటలు కాలిబాటకు, వాహనాల దారికి నడుమ చిన్న గట్టుతో వేరుచేయబడి ఉంటాయి. నోరెబ్రో వీధిలో ఉదయంపూట కేంద్రం వైపు గంటకు 20 కి.మీ. వేగంతో సాగేవారికి వరుసగా పచ్చదీపాలు లభిస్తాయి.

కూడళ్ళ వద్ద భద్రత

డెన్మార్కులో వాహనాలు కుడివైపున నడుస్తాయి. కూడలిలో కుడికి తిరిగే లారీల వలన నేరుగా సాగే సైకిలుదారులకు ప్రమాదం పొంచి ఉంటుంది. అందువలన పలు కూడళ్ళలో సైకిల్ దారికి నీలిరంగు వేశారు. ఎడమకు తిరగదలచినవారు ముందుగా కూడలిని నేరుగా దాటి, అవతలి మూలన ఆగి, ఆపై తిరగాలన్నది నియమం. పెద్ద కూడళ్ళు తక్కువగా ఉన్న దారి కొంత చుట్టయినా మేలు. భారతదేశంలో వాహనాలు ఎడమవైపున నడుస్తాయి గనుక ఇదే ప్రమాదం ఎడమకు తిరిగే వాహనాల వలన కలుగుతుంది.