ఒక మాట – పలు పేటలు

క్రిందటి ఉగాదినాడు పంచాంగ శ్రవణము ముగిసి, అందరము పచ్చడి దొప్పలు చేతబట్టుకొని కూర్చున్నవేళ, ఒక యింటి పిల్లలు పాత కాగిత మొకటి తెచ్చి మాకు చూపినారు. వారి తాతమ్మ పెట్టెలో దొరికినదట. తెలుగున వ్రాసిన నగల పట్టీ అది. మరాఠీ బడిలో చదివిన పిల్లలగుటచే అక్షరములు కూడబలుకుకొని చదివినారు. "మూడు పేటల గొలుసు" అన్న పంక్తికడ ఆగి, "తాతయ్యా, ఈ గొలుసు మూడు పేఠలవాళ్ళు కలిసి కొన్నారా?" అని అడిగినారు. మేము నవ్వినాము. తరువాత నవ్వినందుకు కొంచెము నొచ్చుకొన్నాము కూడ. సాఖర్ పేఠలో పుట్టి, మంగళవార్ పేఠలో చదివి, భవానీ పేఠలో ఆడుకొన్న సోలాపురపు పిల్లలకు పేఠ అనగా ఊరిలోని వాడ గాక మరేమి తోచును?

ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము. "పేట" రెండక్షరముల మాట. దానిని వెంబడించి పోగా అది మమ్ము చాల దూరము త్రిప్పినది.

ముందు ఊళ్ళ సంగతి. తెలుగున పేట, కన్నడమున పేటె, తమిళమున పేట్టై, మరాఠీలో పేఠ – ఈ నాలుగును ఒక్క కుటుంబపు మాటలే. పూర్వము రాజు, సైన్యము, ఆయుధములు ఉన్నచోటు కోట. ఆ కోటను ఆనుకొని అంగడివారు, సాలెవారు, కంసాలులు, నూనె గానుగలవారు కాపురమున్నచోటు పేట. సూర్యాపేట, సిద్దిపేట, చిలకలూరిపేట, నాయుడుపేట అని మన ఊళ్ళు ఎన్ని లేవు! యానాములో సహితము కనకాలపేట ఉన్నది. ఫ్రెంచివారు ఎన్ని ఏండ్లు ఏలినను ఆ పేరు మారలేదు.

బెంగుళూరు కథ దీనికి మంచి ఉదాహరణము. 1537లో కెంపేగౌడ కట్టించిన ఆ ఊరిలో ఒక్కొక్క వృత్తికి, ఒక్కొక్క సరకునకు ఒక్కొక్క పేటె ఏర్పడినది. అక్కిపేటెలో బియ్యము, అరళెపేటెలో దూది, బళేపేటెలో గాజులు. అక్కడి మన వారు నేటికిని "పేటెకు పోయి వస్తాము" అందురు. అనగా బజారునకు అని అర్థము. 1791లో కారన్‌వాలిసు సేనలు టిప్పు సుల్తాను మీదికి వచ్చినప్పుడు మార్చి 7న పేటెను, అదే నెల 21న కోటను పట్టుకొన్నవి. రెంటికిని నడుమ రెండు వారములు. పేటె వేరు, కోట వేరు అనుటకు ఇంతకంటె తార్కాణ మేమి కావలెను? ఇంగ్లీషువారు ఈ మాటను "పెట్టా" అని తమ భాషలోనికి తీసికొన్నారు. సముద్రము దాటి కొలంబోలో కోట ప్రక్కనున్న బజారునకు నేటికిని పెట్టా అనియే పేరు. సింహళీయులు మాత్రము దానిని "పిటకొటువ" అందురు. కోటకు వెలుపలిది అని దాని అర్థము. మాట వేరైనను ఊహ ఒక్కటే.

చెన్నపట్టణములో పేటల పుట్టుక మన సాలెవారి మగ్గములతో పెనవేసుకొన్నది. కుంఫిణీవారికి ఎగుమతికి బట్టలు కావలసివచ్చినవి. బట్టలు కావలెనన్న నేతగాండ్రు దగ్గర నుండవలెను. అందుచేత గవర్నరు పిట్టు కాలములో, 1734లో, వారికొరకై ఒక పేట కట్టించినారు. చిన్న తరి పేట్టై, అనగా చిన్న మగ్గముల పేట. అదియే చింతాద్రిపేట యైనది. చింతయు లేదు, అద్రియు లేదు! అంతకు ముందు గవర్నరు కాలెట్టు పేర వెలసిన నేతపేట జనుల నోట కాలడిపేట యైనది. తమిళమున కాలడి యనగా పాదము. పాపము, ఆ దొర పేరు కాలిక్రిందికి వచ్చినది. పెద్దనాయకన్‌పేటలో మాత్రము మన "పెద్ద" చెక్కు చెదరక నిలిచినది. ఆ పట్టణమునకు కావలి కాచిన పెద్దనాయకుని పేర అది వెలసినది.

ఇక పూనా. అక్కడి పేఠలలో వారము లేడును ఉన్నవి. సోమవార్ మొదలు రవివార్ వరకు ఒక్కటియు తప్పలేదు. గురువార్ పేఠకు పూర్వము వేతాళ పేఠ అని పేరు; వేతాళుడు పోయి బృహస్పతి వచ్చినాడు. సదాశివ పేఠ 1761లో పానిపట్టున మరణించిన సదాశివరావు భావు పేర నున్నది. నారాయణ పేఠకు పీష్వా నారాయణరావు పేరు. ఇచట ఒక చిక్కున్నది. మహారాష్ట్ర స్త్రీలు మక్కువతో కట్టు నారాయణపేట చీర పూనాలోని ఆ పేఠలో పుట్టినదని అనుకొనువారు మాకు ఎందరో తగిలినారు. కాదు. అది తెలంగాణములోని నారాయణపేట చీర. చిన్న గళ్ళు, పెద్ద అంచు, ఆ అంచున గోపురపు కొసలు. తెలంగాణము నుండి వచ్చిన మన పద్మశాలీలు సోలాపురములో కూడ ఆ రకపు చీరలు నేసినారు. ఆ చీరకట్టిన పొరుగింటావిడకు దాని పుట్టినూరు ఏదో మనము చెప్పకపోయిన ఎవరు చెప్పుదురు?

పేట తలమీది కెక్కిన సంగతియు ఉన్నది. కన్నడమున పేట యనగా తలపాగా. మైసూరు పేట జగత్ప్రసిద్ధము. మరాఠీలో తలపాగాను ఫేటా అందురు. ఈ రెండును ఒకే గుడ్డలోని ముక్కలని మా అభిప్రాయము. మైసూరు పేట యనగానే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు కన్నులయెదుట నిలుతురు. ఆయన పూనా కళాశాలలో చదివి 1883లో ఇంజనీరైనారు. 1903లో అదే పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంతట తామే తెరచుకొను తలుపులు అమర్చినారు. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండినారు. ఆయన పూర్వుల గ్రామమైన మోక్షగుండము ప్రకాశం జిల్లా ప్రాంతములో, బేస్తవారిపేట దగ్గర నున్నది. ఆ పేరు వినువారికి బేస్తవారము తోచినను తోచును, బెస్తవారు తోచినను తోచును. ఒక పేట దగ్గరి పూర్వులు, పేఠల నగరములో చదువు, పేటెల నగరములో నివాసము, తలపై పేట! ఒక్క మనిషియందే మాట అన్ని విధములను కుదిరినది.

ఒరియాలో పేట యనగా కడుపు. హిందీ పేట్ కూడ అదియే. ఇవి మన పేటకు చుట్టములు కావు. ధ్వని మాత్రమే కలిసినది. బరంపురమునకు క్రొత్తగా వచ్చిన తెలుగువాడొకడు "పేట ఎక్కడ?" అని అడుగగా ఎదుటివాడు జాలిపడి వైద్యుని ఇల్లు చూపినాడని మన పెద్దలు నవ్వులకు చెప్పుకొనుట కలదు. మరాఠీలో కడుపు పోట్. పేటణే యనగా అంటుకొనుట, మండుట. "చూల్ పేటలీ" అన్న పొయ్యి రాజుకొన్నదని. ఒకరి పేట రాజుకొన్నగాని ఇంకొకరి పేట నిండదన్నమాట. ఆగ్రాలో బూడిదగుమ్మడితో చేయు పేఠాను మాత్రము తిని ఊరకుండుట మేలు.

ఇన్ని భాషలు తిరిగి మరల తెలుగునకు వచ్చినచో, ఇరుగుపొరుగువారికి లేని అర్థ మొకటి మనకు మిగులుచున్నది. హారములోని ఒక్కొక్క వరుస పేట. ఒంటిపేట, రెండుపేటలు, ముప్పేట. పురి పెట్టిన త్రాటిలోని పోగుకును ఆ మాటయే. నూలుతో బ్రతికినవారి ఇండ్లలో ఇది దినదినము వినబడిన మాట. 1877లో సోలాపురమున మొదటి బట్టల మిల్లు లేచినది. అటు మిల్లులలోను, ఇటు చేమగ్గముల మీదను మన వారి మూడు నాలుగు తరములు గడచినవి. మిల్లు కూతలు ఆగినవి. కండెలు చుట్టుచు అమ్మమ్మలు పలికిన మాటలును వానితో సన్నగిల్లినవి. పేఠ మిగిలినది, పేట జారినది.

పిల్లలకు ఇదంతయు చెప్పలేదు. మెడమీద వ్రేలితో మూడు గీతలు గీచి, ఒక్కొక్క వరుస ఒక్కొక్క పేట యని చూపినాము. వెంటనే గ్రహించినారు. అప్పుడు కాగితమును మరల చదివించినాము. "మూడు" అన్న మాటను వేరొక సిరాతో కొట్టివేసి పైన "రెండు" అని వ్రాసియున్నది. దాని ప్రక్కన, "మిల్లు మూతపడిన యేడు ఒక పేట అమ్మినాము. అద్దె, బియ్యము" అని ఉన్నది. క్రింద మరియొక దస్తూరీ: "రెండవ పేట, చిన్నవాని చదువునకు."

మేము పెద్దపిల్ల మెడవైపు చూచినాము. ఆమె పైట తొలగించి గొలుసు చూపినది. ఒంటిపేట.